థెస్సలోనీకి వెళ్తున్న మనవలకు

పిల్లలూ,

సెలవుల్లో గ్రీసు వెళ్తున్నామని అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఏ ఊరని అడిగితే థెస్సలోనీకి అంది. ఆ ఊళ్ళో నేనూ తాతయ్యా తొమ్మిది రోజులు ఉన్నాం. చూడవలసిన కోటలూ చర్చిలూ మీరే వెతుక్కోగలరు. తిండి సంగతి మాత్రం నేను చెప్పాలి. ఎందుకంటే మొదటి రెండు రోజులూ నేను అక్కడి తిండి ఏమీ తినలేదు.

శాకాహారిని కదా, ఏం పెడతారో, అందులో ఏం కలుపుతారో అని ఒకటే టెన్షన్. చిన్న రైస్ కుక్కర్, కందిపొడి, ఆవకాయ పట్టుకెళ్ళాను. గదిలోనే వండుకుని తిన్నాం. మూడో రోజు మధ్యాహ్నం మేం దిగిన ఇంటావిడ తలుపు తట్టి ఒక పళ్ళెం ఇచ్చింది. ఉడికించిన ఆకుకూర, పైన ఆలివ్ నూనె, పక్కన నిమ్మ చెక్క. నోట్లో పెట్టుకోగానే తెలిసిపోయింది, అది తోటకూర! వాళ్ళు వ్లీతా అంటారు. మన తోటకూర జాతి మొక్కే, వేసవిలో ఇంటింటా వండుకుంటారు. తర్వాత ఒక సలాడ్‌లో గంగవాయిలి కూర కూడా కనబడింది. దాని పేరు గ్లిస్త్రీదా. పచ్చిగానే టమాటాతో కలిపి తింటారు. మనం పప్పులో వేసుకునే ఆకు వాళ్ళు అలా తింటారని నాకు అంతవరకూ తెలియదు. ఆ రోజు నుంచి కుక్కర్ పెట్టెలోంచి తీయలేదు.

పొద్దున్నే లేచి వీధిలోకి వెళ్ళండి. బళ్ళ మీద కులూరి అమ్ముతుంటారు. నువ్వులు దట్టంగా అద్దిన గుండ్రని రొట్టె, చేతి గాజులాగా ఉంటుంది. ఆఫీసుకు వెళ్ళేవాళ్ళు నడుస్తూనే తినేస్తారు. కాస్త తీరిక ఉన్న రోజు బుగాత్సా కొట్టుకు వెళ్ళండి. పిండిముద్దను చేతులతో గాలిలో తిప్పి తిప్పి, అవతల ఏముందో కనిపించేంత పల్చగా సాగదీస్తారు. హైదరాబాద్‌లో రుమాలీ రోటీ చేసేవాళ్ళను చూశారు కదా, అలాగే. లోపల రవ్వతో చేసిన తియ్యని క్రీమ్ పెట్టి కాలుస్తారు. వేడివేడిగా వెడల్పాటి కత్తితో టకటకా ముక్కలు కోసి, పంచదార పొడీ దాల్చినచెక్క పొడీ చల్లి ఇస్తారు. చీజ్ పెట్టింది కూడా ఉంటుంది. కీమా పెట్టింది కూడా ఉంటుంది కాబట్టి అడిగి తీసుకోండి.

ఆ ఊరికి బుగాత్సా అంత పేరు తెచ్చిందెవరో తెలుసుకుని తినండి. 1923లో గ్రీసు, టర్కీ ఒప్పందం చేసుకుని మతాన్ని బట్టి జనాన్ని ఇచ్చిపుచ్చుకున్నాయి. ఆ ఒప్పందంతోనూ, దానికి ముందటి యుద్ధంతోనూ కలిపి సుమారు 12 లక్షల మంది ఇళ్ళూ పొలాలూ వదిలేసి గ్రీసుకు వచ్చారు. టర్కీకి వెళ్ళవలసి వచ్చిన ముస్లింలు కూడా లక్షల్లో ఉన్నారు. అలా గ్రీసుకు వచ్చినవాళ్ళలో చాలామంది థెస్సలోనీకిలో ఆగారు. చేతిలో ఏమీ లేదు, వంట మాత్రం వచ్చు. దానితోనే కొట్లు పెట్టుకున్నారు. మసాలాల వాడకం కూడా వాళ్ళ వల్లే పెరిగింది. బుకోవో అని ఎండుమిరప పలుకులు టేబుల్ మీద కనబడతాయి. కారం లేదని దిగులు పడకండి, అడిగితే ఇస్తారు.

మార్కెట్లు రెండున్నాయి, ఎదురెదురుగా. కపానీ పాతది. ఆలివ్ కాయలు, మసాలాలు, చేపలు, మాంసం, అరుపులు, అచ్చం మన రైతుబజారు సందడే. రెండోది మొదియానో, పైకప్పు ఉన్న భవనం. దాన్ని కట్టిన ఇంజనీరు ఎలీ మొదియానో ఆ ఊరి యూదుడు. 1492లో స్పెయిన్ వెళ్ళగొట్టిన యూదులు ఎందరో ఇక్కడికి వచ్చి 400 ఏళ్ళకు పైగా ఊరిని నిలబెట్టారు. 1943లో నాజీలు వాళ్ళలో 40 వేల మందికి పైగా రైళ్ళలో ఆష్విట్జ్ మరణ శిబిరానికి తీసుకుపోయారు. తిరిగొచ్చినవాళ్ళు చాలా కొద్దిమంది. ఆ భవనంలో నిలబడి ఏదైనా తినేటప్పుడు ఒక్క నిమిషం వాళ్ళను తలుచుకోండి.

యునెస్కో 2019లో మన హైదరాబాద్‌ను ఆహార నగరంగా గుర్తించింది కదా. 2021లో థెస్సలోనీకి కూడా ఆ జాబితాలో చేరింది.

తాగేవాటి విషయం. మీ నాన్న కాఫీ లేకుండా ఉండలేడు. గ్రీకు కాఫీని బ్రీకి అనే చిన్న పిడి గిన్నెలో కాచి, పొడితో సహా కప్పులో పోస్తారు. పంచదార కూడా కాచేటప్పుడే వేస్తారు కాబట్టి ముందే చెప్పాలి. వద్దంటే స్కేటో, మధ్యరకం అయితే మేత్రియో. కలపకూడదు, అడుగున ఉన్న మడ్డి తాగకూడదు. నురగ నురగగా ఉండే చల్లని ఫ్రాపే పుట్టింది ఆ ఊళ్ళోనే. 1957లో అక్కడి అంతర్జాతీయ ప్రదర్శనలో నెస్లే ఉద్యోగి దిమిత్రిస్ వాకోండియోస్ కాఫీ తాగాలనుకుంటే వేడినీళ్ళు దొరకలేదట. ఇన్‌స్టంట్ పొడి, చన్నీళ్ళు షేకర్‌లో వేసి గిలక్కొట్టాడు. మీరిద్దరూ మాత్రం వీసినాదా తాగండి, పుల్లని చెర్రీ పళ్ళ షర్బత్తు. త్సీపురో అనేది ద్రాక్ష పిప్పితో తీసే ఘాటైన సారా, అది పెద్దవాళ్ళకి. దాంతో పాటు తెచ్చే చిన్న చిన్న ప్లేట్లు మాత్రం మీరే ఖాళీ చేయండి.

శాకాహారం కావాలంటే నిస్తీసిమో ఏముందని అడగండి. వాళ్ళ ఉపవాసపు వంట అది. మాంసం, గుడ్డు, పాలు ఉండవు. కానీ రొయ్యలు, ఆక్టోపస్ ఉపవాసానికి పనికొస్తాయని వాళ్ళ లెక్క, అందుకని ఇంకోసారి అడిగి రూఢి చేసుకోండి. ఫావా అని ఉంటే కళ్ళు మూసుకుని తెప్పించుకోండి. పసుప్పచ్చని పప్పు మెత్తగా ఉడికించి, నూనె పోసి, పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు వేస్తారు. సలాడ్ అయిపోయాక అడుగున మిగిలిన నూనెనూ రసాన్నీ రొట్టెతో తుడిచి తినండి. అక్కడ అందరూ అలాగే తింటారు, మొహమాటం అక్కర్లేదు.

రాత్రి తొమ్మిది దాటాక గానీ హోటళ్ళు నిండవు. లేవబోతుంటే మీరు అడగని చిన్న ప్లేటు ఒకటి తెచ్చి పెడతారు, డబ్బు తీసుకోరు. దాన్ని కేరాస్మా అంటారు. వద్దనకండి. మాకు ఒకరోజు హల్వా పెట్టారు. అది రవ్వకేసరే, నెయ్యికి బదులు నూనె, యాలకులకు బదులు దాల్చినచెక్క. కొలత అడిగితే కొట్టువాడు వేళ్ళు చూపించాడు: నూనె 1, రవ్వ 2, పంచదార 3, నీళ్ళు 4. నాకు ఇంటి దగ్గర ఎన్నిసార్లు చేసినా రవ్వ వాళ్ళలా ఎర్రగా వేగడం లేదు. ఎంతసేపు వేయించాలో కనుక్కుని రండి, కలిసి చేద్దాం.

మీ అమ్మమ్మ