మీ చేతికి ఏ గోల్ఫ్ ఐరన్ సరిపోతుంది? అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో గోల్ఫ్ క్లబ్బులకు గ్రిప్పులు (చేత్తో పట్టుకునే రబ్బరు పిడులు) మార్చడం, షాఫ్టులు (పొడవాటి కర్రలు) బిగించడం, కోణాలు సరిచేయడం, కొత్తవాళ్లకు సెట్టు ఎంచిపెట్టడం నా వృత్తి. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల నుంచి డాక్టర్లు, ఇంజనీర్లు, ఉద్యోగ విరమణ చేసిన అధికారులు వస్తుంటారు. అమెరికాలో పిల్లల దగ్గర కొన్ని నెలలు ఉండి, అక్కడ ఈ ఆట మీద మనసు పడి తిరిగి వచ్చిన తల్లిదండ్రులూ తక్కువేమీ కాదు. వీళ్లలో చాలామంది డాబా మీద నెట్టు కట్టుకొని వారమంతా సాధన చేస్తారు. సెలవు దొరికితే తెల్లవారకముందే బయలుదేరి, 150 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ వెళ్లి ఆడి వస్తారు. ఇంత ఇష్టం ఉన్నవాళ్లు తమకు సరిపడని ఐరన్లతో (లోహపు తల ఉండి, కొట్టే దూరాన్ని బట్టి నంబర్లున్న క్లబ్బులతో) ఏళ్ల తరబడి అవస్థ పడటం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అందులో సగం అవస్థకు కారణం అక్కడా ఇక్కడా విని నమ్మిన మాటలే.

అపోహ: తప్పు మన్నించే ఐరన్లు ఆట రానివాళ్లకే.

ఈ మాట అన్నవారి చేతికి నేను రెండు ఐరన్లు ఇచ్చి, తిరగేసి వెనక వైపు చూడమంటాను. ఒకటి వెనక నున్నగా, లోహమంతా ఒకే దిమ్మలా ఉంటుంది. అది బ్లేడ్. రెండోదానికి వెనక మధ్యభాగం తొలిచి ఉంటుంది. అక్కడ తీసిన లోహాన్ని అంచులకూ అడుగుకూ పంచుతారు. అది క్యావిటీ బ్యాక్. 7 నంబరు ఐరన్ అయితే రెండింటి తల బరువూ ఇంచుమించు 270 గ్రాములే. ఆ బరువు ఎక్కడ కూర్చుందన్న దాంట్లోనే తేడా అంతా ఉంది.

ఇంటర్‌లో జడత్వ భ్రామకం చదివినవాళ్లకు ఇది వెంటనే పట్టుబడుతుంది. ఒక ముక్కను తిరిగే అక్షం నుంచి రెండింతల దూరానికి జరిపితే, ఆ తిరుగుడును అడ్డుకోవడంలో దాని వాటా నాలుగింతలవుతుంది. బంతి ఫేస్‌ను (తలలో బంతికి తగిలే పలకను) అంటుకొని ఉండేది సెకనులో సుమారు 2000వ వంతు కాలం. అంతలోనే, బంతి మధ్యలో కాకుండా టో (తల కొన) వైపో హీల్ (షాఫ్టు కలిసే చోటు) వైపో తగిలితే తల మెలి తిరుగుతుంది. బంతికి అందాల్సిన శక్తిలో కొంత ఆ మెలికకే ఖర్చయిపోతుంది. అంచుల్లో బరువున్న తల తక్కువ మెలి తిరుగుతుంది కనుక దూరం అంతగా తగ్గదు, బంతి దారి అంతగా తప్పదు. మన్నింపు అంటే ఇంతే. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది?

అంచులకు బరువు పంచే ఈ పద్ధతికి ప్రచారం తెచ్చినవారు కార్‌స్టెన్ సోల్‌హైమ్. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరుగా పనిచేస్తూ, తన పట్టింగ్ (బంతిని గుంటలోకి దొర్లించడం) కుదరకపోవడంతో 1959లో తానే ఒక పట్టర్ తయారు చేసుకున్నారు. ఆ పట్టర్‌తో మొదలైన పింగ్ కంపెనీ 1982లో తెచ్చిన ఐ2 (Eye2) ఐరన్లతో సామాన్య ఆటగాళ్లే కాక టూర్ (ప్రొఫెషనల్ పోటీల) ఆటగాళ్లు కూడా ఆడారు. నేటికీ ప్రొఫెషనల్ ఆటగాళ్లలో క్యావిటీ బ్యాక్ వాడేవాళ్లు ఎందరో ఉన్నారు. 4, 5 నంబర్లు క్యావిటీ, 8, 9 నంబర్లు బ్లేడ్‌గా కలిపి సెట్టు కట్టించుకునేవాళ్లూ ఉన్నారు. ఆటే జీవనాధారమైనవాళ్లు తీసుకుంటున్న ఆసరాను వారానికోసారి ఆడే మనం వద్దనడం నాకు అర్థం కాదు.

మీ స్థాయి ఎంతో స్కోరు కార్డు కన్నా క్లబ్బు ఫేసే నిజాయితీగా చెబుతుంది. వైట్‌బోర్డు మార్కర్‌తో బంతి మీద మందంగా ఒక చుక్క పెట్టండి. ఆ చుక్క ఫేస్ వైపు ఉండేలా బంతిని ఉంచి 7 నంబరుతో కొట్టండి. చుక్క ఫేస్ మీద అచ్చు పడుతుంది. తుడవకుండా అలా పది బంతులు కొట్టి చూడండి. అచ్చులన్నీ మధ్యలో, పది రూపాయల నాణెం కింద దాగేంత చోట పడితే మీరు ఏ ఐరన్‌తోనైనా ఆడుకోవచ్చు. టో నుంచి హీల్ దాకా చెల్లాచెదురుగా పడితే అంచుల్లో బరువున్న పెద్ద తల కావాలి. అన్నీ ఫేస్ మీది గాడుల్లో కిందివాటి దగ్గరే పడుతుంటే గురుత్వ కేంద్రం బాగా కిందికి ఉన్న తల మేలు. అన్నీ ఒకేచోట, కానీ టో దగ్గరే గుమిగూడితే మాత్రం ఐరన్ మార్చకండి. బంతికి ఎంత దూరంలో నిలబడుతున్నారో, క్లబ్బు పొడవు మీకు సరిపోయిందో ముందు చూసుకోవాలి.

స్కోరు లెక్కనే చెప్పమంటే ఇలా చెబుతాను. 18 హోల్స్ (గుంటలు) ముగించడానికి 100 దెబ్బలు దాటేవాళ్లు పెద్ద తల, వెడల్పు సోల్ (తల అడుగు), కొట్టొచ్చినట్టు కనిపించే ఆఫ్‌సెట్ (ఫేస్ షాఫ్టు కన్నా వెనక్కి ఉండటం) ఉన్నవి తీసుకోవాలి. 80, 90ల్లో ఉన్నవాళ్లకు మధ్యరకం క్యావిటీ బ్యాక్ చాలు. అంతకన్నా తక్కువ కొట్టేవారికి నా సలహా అవసరం ఉండదు.

అపోహ: తప్పు మన్నించే ఐరన్లు కొంటే నా స్లైస్ (బంతి పక్కకు వంగిపోవడం) పోతుంది.

పోదు. కుడిచేతి ఆటగాడి బంతి కుడివైపుకు వంగుతోందంటే, క్లబ్బు వెళ్తున్న దారితో పోలిస్తే ఫేస్ తెరుచుకొని ఉందని అర్థం. అది స్వింగ్‌లోని సంగతి. అంచుల్లో ఎంత బరువు పెట్టినా ఆ కోణం మారదు. ఆఫ్‌సెట్ ఉన్న ఐరన్‌లో ఫేస్ షాఫ్టు కన్నా కొద్దిగా వెనక ఉంటుంది కనుక అది మూసుకోవడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది. దానివల్ల కొందరికి వంపు తగ్గుతుంది, అంతే. స్లైస్ పోగొడతానని ఎవరైనా ఐరన్ అమ్మజూపితే ఆ డబ్బుతో కోచ్ దగ్గర నాలుగు పాఠాలు నేర్చుకోండి.

అయితే కొట్టిన ప్రతి బంతీ వంపు లేకుండా నేరుగా ఎడమకే పోతుంటే లై కోణం (క్లబ్బును నేల మీద ఆనించినప్పుడు షాఫ్టు నేలతో చేసే కోణం) ఒకసారి చూపించుకోవాలి. బంతి తగిలే క్షణంలో టో గాలిలోకి లేచి ఉంటే ఫేస్ ఎడమకు చూస్తుంది. లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలిన కోణం) ఎక్కువున్న క్లబ్బుల్లో ఈ దోషం మరీ ఎక్కువ. చుక్కకు బదులు బంతి మీద నిలువు గీత గీసి కొట్టించి, ఫేస్ మీద పడిన గీత ఎటు వాలిందో చూసి నేను కోణం సరిచేస్తాను. మెత్తని కార్బన్ స్టీలుతో ఫోర్జ్ చేసిన (కాల్చి, ఒత్తి మలిచిన) తలలు సులువుగా వంగుతాయి. పోత పోసిన స్టెయిన్‌లెస్ స్టీలులో చాలా రకాలు ఒకటి రెండు డిగ్రీలకు మించి సహకరించవు.

అపోహ: కొత్త ఐరన్లు దూరం కొడతాయి, కాబట్టి అవే మంచివి.

ఫేస్ పలచబడటం వల్ల, గురుత్వ కేంద్రం కిందికి దిగడం వల్ల కొంత దూరం నిజంగానే పెరిగింది. కానీ పెరిగినదాంట్లో పెద్ద భాగం లాఫ్ట్ తగ్గించడం వల్ల వచ్చింది. ఒకప్పుడు 7 నంబరు ఐరన్ లాఫ్ట్ 35 డిగ్రీలకు అటూ ఇటూగా ఉండేది. దూరం కోసమే చేసిన ఇప్పటి సెట్లలో అది 28, 29 డిగ్రీలు. అంటే పాత 5 నంబరుకు దగ్గర. పక్కవాడు 8 నంబరుతో కొట్టిన చోటికి నేను 7 తీయాల్సి వచ్చిందని నొచ్చుకోవడం దండగ. అంకెలే వేరు, క్లబ్బు దాదాపు ఒక్కటే.

అసలు చిక్కు సెట్టు చివరన వస్తుంది. ఇలాంటి సెట్టులో పిచింగ్ వెడ్జ్ (దగ్గరి దూరాలకు వాడే క్లబ్బు) లాఫ్ట్ 43 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. మీ బ్యాగులోని శాండ్ వెడ్జ్ (ఇసుక గుంటల్లోంచి కొట్టేది) 56. మధ్యలో 13 డిగ్రీల ఖాళీ. గ్రీన్‌కు (గుంట ఉండే నున్నటి పచ్చికకు) దగ్గర పడ్డాక, స్కోరు తేలే దూరాల్లో, మీ చేతిలో సరైన క్లబ్బు ఉండదు. క్లబ్బుకూ క్లబ్బుకూ మధ్య 4, 5 డిగ్రీలు ఉండాలి గనుక 48, 52 దగ్గర వెడ్జులు చేర్చుకోవాల్సిందే. బ్యాగులో 14 క్లబ్బులకు మించి ఉండకూడదన్నది నియమం. చోటు కావాలంటే 3, 4 నంబరు ఐరన్లు తీసేసి ఒక హైబ్రిడ్ (బంతిని సులువుగా లేపే, లావైన తల ఉన్న క్లబ్బు) పెట్టండి. మా దగ్గరకు వచ్చేవాళ్లలో ఆ రెండు ఐరన్లతో బంతిని గాల్లోకి లేపగలిగేవాళ్లు అరుదు.

అపోహ: అబ్బాయి అమెరికా నుంచి మంచి సెట్టు పంపాడు, ఇంక చూడాల్సింది లేదు.

కరీంనగర్ నుంచి ఒక పెద్దాయన సరిగ్గా ఇలాంటి సెట్టుతోనే వచ్చారు. తలలు మేలైనవే, క్యావిటీ బ్యాక్. షాఫ్టులు మాత్రం వేగంగా స్వింగ్ చేసే కుర్రాడి కోసం వేసినవి: 120 గ్రాముల బరువైన, గట్టి స్టీలు షాఫ్టులు. ఆయనకు అరవై దాటాయి, ఒక భుజం సరిగా లేవదు. నెట్టులో నాలుగు బంతులు కొట్టేసరికి ఊపిరి తీసుకోవడానికి ఆగారు. మార్చాలని చెబితే మొహమాటపడ్డారు. "మావాడు అంత ఖర్చుపెట్టి పంపాడు బాబూ, మార్చానంటే ఏమనుకుంటాడో." "సెట్టు అదే ఉంటుంది సార్, షాఫ్టులే మారుద్దాం" అన్నాను. 65 గ్రాముల గ్రాఫైట్ షాఫ్టులు వేశాక అదే తల, అదే మనిషి, బంతి నెట్టు పైభాగాన్ని తాకడం మొదలైంది.

గ్రాఫైట్ ఆడవాళ్లకే, వృద్ధులకే అనేవాళ్లు అప్పుడే పక్కనుంటే బాగుండేదనిపించింది. మోచేయి, మణికట్టు నొప్పులున్న ఎవరికైనా అది మేలు చేస్తుంది. పొడవు కూడా అలా చూసుకోవాల్సిందే. బూట్లు వేసుకొని చేతులు వదులుగా వేలాడేసి నిలబడితే, మణికట్టు ముడత నుంచి నేల దాకా ఎంత ఉందో కొలుస్తాం. మీ ఎత్తు ఎంతైనా చేతుల పొడవును బట్టి ఈ కొలత మారుతుంది. పొడవు ఎక్కువైందని ఇంట్లో రంపంతో కోసుకోవద్దని బతిమాలుకుంటున్నాను. కోసిన షాఫ్టు మరింత గట్టిగా అనిపిస్తుంది, తల బరువు చేతికి తెలియకుండా పోతుంది.

అపోహ: సోల్ ఎంత వెడల్పుగా ఉంటే అంత సులువు.

తడి నేల మీద, ఒత్తైన గడ్డి మీద అది నిజమే. వెడల్పు సోల్ నేలలో దిగబడకుండా జారుతుంది కనుక బంతి కన్నా ముందు నేలను తాకినా షాట్ పూర్తిగా పాడవదు. ఏప్రిల్, మే నెలల్లో మన ఖాళీ మైదానాల్లో ఆడి చూడండి. గడ్డి ఎండి, నేల రాయిలా బిగిసిపోయిన చోట బౌన్స్ (అడుగు కిందికి ఉబ్బిన కోణం) ఎక్కువున్న సోల్ నేలకు తగిలి పైకి ఎగురుతుంది. క్లబ్బు అంచు బంతి నడుముకు తగిలి, బంతి నేలబారుగా దూసుకుపోతుంది. ఏడాది పొడవునా ఆడేవాళ్లు మధ్యరకం వెడల్పు తీసుకోవడమే మంచిది.

డాబా మీది మ్యాట్‌ను కూడా పూర్తిగా నమ్మకండి. బంతికి రెండు అంగుళాల వెనక తగిలిన క్లబ్బు కూడా మ్యాట్ మీద జారి బంతిని శుభ్రంగా కొట్టినట్టే అనిపిస్తుంది. వెడల్పు సోల్‌తో ఈ భ్రమ ఇంకా ఎక్కువ. కొనే ముందు ఒక్కసారైనా నిజమైన గడ్డి మీద కొట్టి చూడండి.

అపోహ: వాడిన సెట్టు కొంటే డబ్బు దండగ.

ఐరన్లు త్వరగా అరిగిపోవు. మొదటి సెట్టు వాడినదే కొనమని చాలామందికి నేనే చెబుతాను. గాడుల అంచులు వేలి గోటికి తగులుతున్నాయా, తల పట్టుకొని మెలితిప్పితే చప్పుడు వస్తోందా, షాఫ్టు తలలోకి దిగే చోట తుప్పు ఉందా చూసుకుంటే చాలు. గ్రిప్పులు ఎలాగూ మార్చాలి. మన ఎండలకు రబ్బరు బిరుసెక్కి, చెమట చేతిలో జారిపోతుంది. వేసవిలో బ్యాగును కారు డిక్కీలో వదిలేసేవాళ్లకు మరో ఇబ్బంది ఉంది. తలను షాఫ్టుకు పట్టి ఉంచే ఎపాక్సీ జిగురు ఆ వేడికి మెల్లగా బలం కోల్పోతుంది. ఆడి వచ్చిన రోజే బ్యాగు ఇంట్లోకి తెచ్చి, గ్రిప్పులను సబ్బునీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి.