టోకమాక్‌లో ప్లాస్మా పుట్టే లెక్క

పెన్సిల్ సెల్‌లో ఐదు సెంటీమీటర్ల పొడవుకి ఒకటిన్నర వోల్టు, అంటే మీటరుకి 30 వోల్టులు. టోకమాక్ అంటే ప్లాస్మాని అయస్కాంత క్షేత్రంతో రింగు ఆకారంలో బంధించే ఫ్యూజన్ యంత్రం. ఫ్రాన్స్‌లో కడుతున్న ఈటర్ టోకమాక్‌లో వాయువుని ప్లాస్మాగా (ఎలక్ట్రాన్లు విడిపోయిన వాయువుగా) మార్చడానికి దొరికేది మీటరుకి 0.3 వోల్టు మాత్రమే. సూపర్‌కండక్టర్ కాయిళ్లలో కరెంటుని అంతకన్నా వేగంగా మార్చలేరు. దానికితోడు మందపాటి ఉక్కు పాత్రలోనే పది లక్షల ఆంపియర్ల స్థాయిలో సుడి కరెంటు పారుతుంది. మరి ఎలా అంటుకుంటుందని ఒక పాఠకుడు అడిగారు. మన పాఠాలన్నీ సరాసరి 15 కోట్ల డిగ్రీల దగ్గరే మొదలవుతాయి కాబట్టి ఈ ప్రశ్న ఎవరికీ తట్టదు.

ఇది అచ్చంగా చక్రవడ్డీ లెక్క. కాస్మిక్ కిరణాలు వదిలిన ఏవో కొన్ని ఎలక్ట్రాన్లు అసలు. ఒక్కో ఎలక్ట్రాన్ మీటరు దూరంలో పుట్టించే కొత్త ఎలక్ట్రాన్ల సంఖ్య వడ్డీ రేటు. దీని పేరు టౌన్‌సెండ్ గుణకం. హైడ్రోజన్‌కి దాని విలువ 3.83 × పీడనం × ఎక్స్‌పొనెన్షియల్ (−93.6 × పీడనం ÷ విద్యుత్ క్షేత్రం). ఇందులో పీడనం పాస్కల్స్‌లో, క్షేత్రం మీటరుకి వోల్టుల్లో వేయాలి. పీడనం 1 మిల్లీపాస్కల్, క్షేత్రం 0.3 అయితే గుణకం 0.0028. అంటే సుమారు 357 మీటర్లకి ఒక కొత్త ఎలక్ట్రాన్. నాసిరకం వడ్డీయే, కానీ గడువు పెద్దది.

ఎలక్ట్రాన్ గోడకి తగిలేలోపు నడిచే దూరమే ఆ గడువు. ప్లాస్మా వ్యాసార్థంలో పావు వంతుని ప్రధాన అయస్కాంత క్షేత్రంతో గుణించి, దారి తప్పించే అడ్డ క్షేత్రంతో భాగించాలి. 1.6 మీటర్లు, 5.3 టెస్లా, 1 మిల్లీటెస్లా వేస్తే 2,120 మీటర్లు, అంటే రింగు చుట్టూ 54 చుట్లు. ఆ లోపు ఒక ఎలక్ట్రాన్ 380 అవుతుంది. గ్యాస్ ప్లాస్మాగా మారే పని పది మిల్లీసెకన్లలో పూర్తి. అడ్డ క్షేత్రం 4 మిల్లీటెస్లా అయితే 530 మీటర్లే, 26 మిల్లీసెకన్లు. 8 అయితే 265 మీటర్లు. ఎలక్ట్రాన్ పోయేలోపు సగటున 0.74 మాత్రమే పుడుతుంది. వడ్డీ కన్నా తీసేసేది ఎక్కువ, అసలే కరిగిపోతుంది.

ఆ అడ్డ క్షేత్రం ఎక్కడిది? సుడి కరెంట్లది, కాయిళ్ల అమరికలోని తేడాలది. దక్షిణ కొరియా టోకమాక్ కేస్టార్‌లో కాయిల్ తొడుగులకి వాడిన ఇన్‌కొలాయ్ 908 అయస్కాంత స్వభావం ఉన్న మిశ్రలోహం. దాని ప్రభావాన్ని కూడా లెక్కలో కలుపుకోవాల్సి వచ్చింది.

గ్యాస్ ఇంకొంచెం వదిలితే సరిపోదా? కొంతవరకే. 3.2 మిల్లీపాస్కల్స్ దగ్గర గుణకం శిఖరానికి చేరుతుంది, అయినా 8 మిల్లీటెస్లాలో పదో వంతు సెకను పడుతుంది. ఆపైన ఎలక్ట్రాన్లు శక్తి పుంజుకోకముందే ఢీకొని, రేటు పడిపోతుంది. పీడనం మరీ తగ్గిస్తే కొన్ని ఎలక్ట్రాన్లు ఆగకుండా వేగం పెంచుకుంటూ పోయి గోడని కాలుస్తాయి.

ఇంత జరిగాక కూడా గండం ఉంది. కార్బన్, ఆక్సిజన్ లాంటి మాలిన్యాలు పది ఎలక్ట్రాన్ వోల్టుల (లక్ష డిగ్రీల పైచిలుకు) ప్రాంతంలో కాంతి రూపంలో భారీగా శక్తి పారేస్తాయి. వచ్చే వేడి ఆ నష్టాన్ని దాటకపోతే ప్లాస్మా అక్కడే చల్లారుతుంది. అందుకే బ్రిటన్‌లోని జెట్ టోకమాక్ కోసం రాసిన డయాన్ లాంటి ప్రోగ్రాములు ఎలక్ట్రాన్ల శక్తి, అయాన్ల శక్తి, తటస్థ అణువులు, మాలిన్యపు ఒక్కో చార్జి స్థితి, పాత్రతో కలిసిన సర్క్యూట్, అన్నిటినీ ఏకకాలంలో సాధిస్తాయి. జెట్‌లో 2011లో కార్బన్ గోడ స్థానంలో బెరీలియం, టంగ్‌స్టన్ వచ్చాక, గోడ శుభ్రత చెడి ప్లాస్మా స్టార్టప్ విఫలమయ్యే బాధ తీరింది.

ఇంకో దారి మైక్రోవేవ్. టెస్లాకి 28 గిగాహెర్ట్జ్ చొప్పున ఎలక్ట్రాన్లు అనునాదం చెందుతాయి. గాంధీనగర్ టోకమాక్ ఎస్‌ఎస్‌టీ-1లో 42 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ గొట్టం 1.5 టెస్లాకి సరిపోయేది. వాడుకలో ఉన్న కొలమానం ఒకటుంది: విద్యుత్ క్షేత్రాన్ని ప్రధాన, అడ్డ క్షేత్రాల నిష్పత్తితో గుణిస్తే మైక్రోవేవ్ లేకుండా 1,000 దాటాలి, ఉంటే 100 చాలు. పై లెక్కలో 1 మిల్లీటెస్లాకి 1,590 వస్తుంది, 4కి 398. అంటే ఈ కొలమానం ప్రకారం రెండోదానికి మైక్రోవేవ్ తప్పదు. అయితే మొదట్లో ప్లాస్మా పల్చగా, చల్లగా ఉంటుంది కాబట్టి ఒక్కసారి దాటేటప్పుడు మైక్రోవేవ్‌లో కొద్ది భాగమే పీల్చుకుంటుంది. మిగతాది గోడల మీద పడి తిరుగుతుంది. అలా తిరిగినదాంట్లో ఎంత ఉపయోగపడిందన్నది మోడల్‌లో అన్నిటికన్నా ఎక్కువ పేచీ పెట్టే అంకె.