పూలదుంపల ఎంపిక గురించి పిల్లలకు ఉత్తరం

పర్లాకిమిడి

చిరంజీవులకు ఆశీస్సులు.

వానలకు ముందే పెరట్లో పూలదుంపలు నాటాలని ఉందనీ, ఏవి తెచ్చుకోవాలో చెప్పమనీ అడిగారు. కొత్తవి కొనేముందు మన వీధిలోని పాత పెరళ్లు ఒకసారి చూసి రండి. విత్తనంతో మొలిచిన మొక్కలో తల్లి పోలికా తండ్రి పోలికా కలుస్తాయి. దుంప పక్కన పుట్టే పిల్లదుంప మాత్రం అచ్చంగా తల్లే. అందుకే ఇరుగుపొరుగులు తరతరాలుగా పంచుకుంటూ వచ్చిన నేలసంపెంగ (లిల్లీ, రజనీగంధ అనేది ఇదే) ఎన్ని పెరళ్లు మారినా అదే పువ్వు పూస్తుంది, అదే వాసన ఇస్తుంది. నెదర్లాండ్స్‌లోని లిమెన్ అనే ఊళ్లో పాత దుంపజాతులు అంతరించిపోకుండా కాపాడడానికే 1928లో హోర్టస్ బల్బోరం అనే తోటను నెలకొల్పారు. 1595 నాటి ట్యూలిప్ రకం కూడా అక్కడ బతికే ఉంది.

అలాగని ట్యూలిప్ కోసం ఆశపడకండి. దాని దుంప సరిగా పూయాలంటే దాదాపు మూడు నెలలు గట్టి చలి తగలాలి. మన మహేంద్రతనయ నది ఒడ్డున అంత చలి ఎక్కడిది?

మెక్సికో నుంచి వచ్చినా, నేలసంపెంగకు మన ఎండలు బాగా సరిపడ్డాయి. ఇందులో ఒంటిరెక్క రకం, ముద్ద రకం ఉన్నాయి. ముద్దపువ్వు చూపుకు నిండుగా ఉంటుంది కానీ, వాసన ఒంటిరెక్కదే ఎక్కువ. దండలకూ అదే వాడతారు. నన్నడిగితే ముందు అదే నాటమంటాను.

దుంపను చేతిలోకి తీసుకుని నొక్కి చూడండి. గట్టిగా, కదురులా ఉండి, 2 నుంచి 3 సెంటీమీటర్ల లావున్నది మంచిది. సన్నవి పూతకు రావడానికి ఇంకో ఏడాది పట్టవచ్చు. నడినెత్తిన ఎండిన పూకాడ మొదలు కనిపిస్తే దాన్ని పక్కన పెట్టండి, ఎందుకంటే ఒకసారి పూసిన దుంప మళ్లీ పూయదు, దాని పిల్లలే పూస్తాయి. వేళ్లకు ముడులున్న దుబ్బు ఎవరు ప్రేమగా ఇచ్చినా తీసుకోవద్దు. ఆ ముడులకు కారణమైన నులిపురుగులు మీ మట్టిలోకీ వచ్చేస్తాయి.

ఎండ బాగా తగిలే చోట మడిని కాస్త ఎత్తుగా కట్టి, దుంపలను 5 నుంచి 7 సెంటీమీటర్ల లోతున, జానెడు ఎడంగా నాటండి; శ్రావణంలో నీరు నిలిచిందంటే కుళ్లిపోతాయి. ముద్ద రకం కూడా కావాలంటే వేరే మడిలో వేయండి, తవ్వినప్పుడు రెండూ కలిసిపోతే దుంపను చూసి ఏది ఏదో చెప్పడం కష్టం.

మీ తాతయ్య