వానపాముల తొట్టి చెత్తబుట్ట కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

“వానపాములన్నీ మూత మీదికి ఎక్కేశాయండీ, ఇప్పుడేం చేయాలి?”

నాకు వచ్చే ఫోన్లలో సగం ఇలాగే మొదలవుతాయి. నేను అడిగేది ఒక్కటే: “రెండు మూడు రోజుల కింద ఏం వేశారు?” అవతల కాసేపు మాట ఉండదు. ఆ తర్వాత మెల్లగా, “ఇంట్లో వ్రతం అయిందండీ, మిగిలినవి కొంచెం వేశాం” అంటారు. వెళ్లి చూస్తే ఆ కొంచెం నాలుగైదు కిలోలు ఉంటుంది.

విజయవాడలోను, చుట్టుపక్కల ఊళ్లలోను ఇళ్లకు వంటింటి చెత్తను ఎరువుగా మార్చే వానపాముల తొట్లు అమర్చడం, అవి నిలదొక్కుకునే దాకా చూసుకోవడం నా పని. నేను చూసినంతలో తొట్టి పాడవడానికి ఎండ కన్నా, చీమల కన్నా పెద్ద కారణం ఒక నమ్మకం: వానపాములు ఏది వేసినా తింటాయి, ఎంత వేసినా తింటాయి. ఈ ఒక్క మాట నమ్మి డబ్బు పోగొట్టుకున్నవాళ్లున్నారు. అంతకన్నా నాకు బాధ కలిగించేది, “ఇది మన వల్ల అయ్యే పని కాదు” అని తొట్టిని అటక మీద పడేసి, మళ్లీ తొక్కలన్నీ ప్లాస్టిక్ సంచిలో కట్టి పారేయడం మొదలుపెట్టినవాళ్లు.

వానపాముకు పళ్లు లేవు. వంకాయ తొడిమను అది కొరకలేదు. ముందుగా బ్యాక్టీరియా, బూజు ఆ తొడిమను పట్టి మెత్తబరచాలి. అలా మెత్తబడ్డదాన్ని, దాని మీద పెరిగిన సూక్ష్మజీవులతో సహా వానపాము మింగుతుంది. వండేవి సూక్ష్మజీవులు, తినేవి వానపాములు. తినేవాళ్లు నలుగురే ఉన్నప్పుడు నలభై మందికి సరిపడా సరుకు పోస్తే వండేవి మాత్రం ఆగవు. కుప్ప లోపల వేడెక్కుతుంది. అందులో ఉన్న గాలి అయిపోయాక పులవడం మొదలవుతుంది. వానపాము చర్మంతో ఊపిరి పీల్చుకునే ప్రాణి. వేడి, పులుపు, గాలి లేని ముద్ద, ఈ మూడూ కలిస్తే దానికి పారిపోవడం తప్ప మార్గం లేదు. మూత మీదికి ఎక్కడం అంటే అదే.

లెక్క చూడండి. అర కిలో వానపాములు, తొట్టి బాగా కుదురుకున్నాక, రోజుకు పావు కిలో తడి చెత్త తినగలవు. కొత్తగా తెచ్చిన మొదటి రెండు మూడు వారాల్లో అందులో సగం కూడా తినవు. కూరగాయలు బాగా వండుకునే ఇంట్లో నలుగురుంటే తొక్కలు, తొడిమలు, టీ పిప్పి కలిసి ముప్పావు కిలో తేలికగా వస్తాయి. అంటే చిన్న తొట్టి ఒక్కటే మీ వంటింటి చెత్తనంతా మోయలేదు. అమ్మేటప్పుడు ఈ మాట చెప్పనివాళ్ల మీద నాకు కోపం. “రోజూ తమ బరువంత తింటాయి” అని కరపత్రం మీద అచ్చువేసి చేతిలో పెడతారు. అన్నీ అనుకూలంగా ఉన్న పెంపకం బెడ్డులో, అంటే వానపాముల కోసం పరిచిన మెత్తటి పొరలో, ఎప్పుడైనా జరగవచ్చు. మీ బాల్కనీలో మొదటి నెలలోనే జరుగుతుందని ఆశపెట్టడం అన్యాయం.

మొగల్రాజపురంలో ఒక టీచరమ్మ, ఉద్యోగ విరమణ చేసి మేడ మీది వాటాలో ఉంటారు. మనవడి అన్నప్రాశన అయిన మూడో రోజు, ఇంకా తెల్లవారకముందే ఫోన్ చేశారు. గొంతు వణుకుతోంది. వెళ్లి మూత తీశాను. మూత లోపలి అంచు చుట్టూ వానపాములు జడ అల్లినట్లు ఒకదానిలో ఒకటి చుట్టుకుని ఉన్నాయి. కొన్ని కిందపడి గచ్చు మీద ఎండిపోయాయి. పులిసిన కుడితి వాసన. చెయ్యి మణికట్టు దాకా లోపలికి పెడితే, అప్పుడే వార్చిన అన్నం గిన్నెను తాకినట్లుంది. పులిహోర, సాంబారు కలిసిన అన్నం, అరటి తొక్కలు, పూలు, అన్నీ ఒకే పొరగా పోశారు. మధ్యలో చచ్చినవాటి ఒళ్లు అక్కడక్కడ ఉబ్బి, అక్కడక్కడ నొక్కుకుపోయి పూసల దండలా ఉంది. తిన్నది కడుపులోనే పులిసిపోయినప్పుడు అలా అవుతాయి.

“ఇన్ని ప్రాణాలు తీశాను బాబూ” అని ఆవిడ గోడకు ఆనుకుని కూర్చుండిపోయారు. నేను కుళ్లిన ముద్దనంతా తీసేసి, అడుగున చల్లగా ఉన్న మూల నుంచి పిడికెడు మట్టి తీసి స్టీలు పళ్లెంలో పరిచాను. “టీచర్ గారూ, కళ్లజోడు పెట్టుకుని చూడండి” అన్నాను. ఆవగింజ కన్నా కొంచెం పెద్దవి, నిమ్మకాయ ఆకారంలో, తేనె రంగులో తొమ్మిది కనిపించాయి. అవి వానపాముల గుడ్ల తిత్తులు. ఒక్కో దానిలో నుంచి రెండు మూడు పిల్లలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే వస్తాయి. పెద్దవి చచ్చినా చాలాసార్లు ఇవి బతుకుతాయి. ఆవిడ ఆ పళ్లెంలోవాటిని ఒక్కొక్కటిగా చెంచాతో ఎత్తి కొత్త బెడ్డులో పెట్టారు. నెల తిరిగేసరికి దారప్పోగుల్లాంటి పిల్లలు కనిపించాయని మళ్లీ ఫోన్ వచ్చింది.

ఇప్పుడు ఆవిడ చేస్తున్నదే అందరికీ చెబుతున్నాను. తొట్టి పక్కన ఒక కుండ పెట్టుకోండి, అడుగున, పక్కల చిల్లులు ఉండాలి. రోజువారీ తొక్కలు ముందు అందులోకి వెళ్లాలి. ఒక పిడికెడు తొక్కలు వేస్తే రెండు పిడికెళ్ల ఎండుటాకులో చించిన వార్తాపత్రికో పైన వేయాలి. రెండు వారాలకు సగం చివికి, వేడి తగ్గుతుంది. అప్పుడు అందులో నుంచి కొంచెం కొంచెంగా వానపాములకు పెట్టాలి. తొట్టి అంతా పరచకండి, ఒక మూల గుంట చేసి పెట్టి పైన కప్పండి. నాలుగు రోజుల తర్వాత అక్కడ తవ్వి చూడండి. పెట్టినది ఇంకా గుర్తుపట్టేలా ఉంటే కొత్తది వేయవద్దు. ఈ ఒక్క అలవాటు ఉంటే, మిగతా చిన్న చిన్న తప్పులను తొట్టి చాలావరకు తట్టుకుంటుంది.

ఇక మిగతా అపోహలు.

“కూరగాయ తొక్కలు తింటాయి కదా, మిగిలిన కూర తినవా?” తినవు. మన కూరల్లో ఉప్పు, నూనె ఉంటాయి. ఊరగాయ అసలే వద్దు, ఉప్పు తగిలితే వానపాము ఒంట్లోని నీరు లాగేస్తుంది. నిమ్మ చెక్కలు, బత్తాయి తొక్కలు కూడా వద్దు. ఆ తొక్కలోని నూనె వాటికి పడదు. ఉల్లి తొక్కలు కొద్దిగా అయితే ఫరవాలేదు. గుడ్డు పెంకులు ఎండబెట్టి పొడి చేసి చల్లితే మంచిది, పులుపు విరుగుతుంది.

“పేడ ఎంత తాజాగా ఉంటే అంత బలం.” పచ్చి పేడ వేడెక్కుతుంది. పదిహేను ఇరవై రోజులు నీడలో ఆరినదే వాడాలి. నట్టల మందు తాగించిన పశువు పేడ తెచ్చుకోకండి. పురుగులను చంపే ఆ మందు కొంత పేడలోకి కూడా వస్తుంది. పాలవాడిని ముందే అడగండి.

“వానాకాలంలో పెరట్లో బోలెడు ఎర్రలు దొరుకుతాయి, కొనడం దేనికి?” గాలానికి గుచ్చే ఆ ఎర్రలు చాలావరకు నేల లోతుల్లో బొరియలు చేసుకుని మట్టి తినే రకాలు. తొట్టిలో బతకవు. కుళ్లే ఆకుల మధ్య, నేల పైపొరలో బతికే రకాలు కావాలి. ఐసీనియా ఫెటిడా, యూడ్రిలస్ యూజీనియే మన దగ్గర ఎక్కువగా అమ్ముతారు. మన దేశపు రకం పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్ కూడా పనికొస్తుంది, పాత పేడకుప్పల అడుగున వెతికితే దొరుకుతుంది.

“విదేశీ వానపాములు నేలలోకి విషలోహాలు వదులుతాయి.” ఈ పుకారు ఫోన్లలో తిరుగుతూ, శ్రద్ధగా చేస్తున్నవాళ్లను కూడా భయపెడుతోంది. వానపాము సీసాన్ని గానీ కాడ్మియాన్ని గానీ పుట్టించలేదు. వేసిన చెత్తలో లోహాలుంటే కొంత దాని ఒంట్లో చేరతాయి, మిగిలింది ఎరువులో ఉంటుంది. బ్యాటరీలు, రంగు అద్దిన కాగితం, మురుగు కాలువ పూడిక కలిపిన చెత్త వేస్తే భయపడాలి. బీరకాయ చెక్కుకు ఏ భయమూ అక్కర్లేదు.

“రెండు ముక్కలైతే రెండు వానపాములవుతాయి.” కావు. తోక కొస తెగితే తల ఉన్న ముక్క మళ్లీ పెరిగే అవకాశం ఉంది. నడిమికి తెగితే సాధారణంగా చస్తుంది. తొట్టిలో పార, పలుగు వాడకండి, చేతితో కలపండి.

“అడుగున కారే నల్లటి నీళ్లే వర్మీవాష్ (మొక్కలకు పోసే వానపాముల ద్రవ ఎరువు).” కాదు. అది నీళ్లు ఎక్కువయ్యాయని తొట్టి చెబుతున్న మాట. అరకొరగా కుళ్లిన ఊట అది, మొక్కకు పోస్తే వేర్లు దెబ్బతినవచ్చు. బెడ్డులో నుంచి ఒక పిడికెడు తీసి గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కడితే ఎండుటాకులు కలపండి.

పాముల భయం గురించి కొంచెం చెప్పాలి. పేరులోనే పాము ఉండటం వల్ల కొందరు పెద్దవాళ్లు తొట్టిని ఇంట్లో పెట్టనివ్వరు. వాళ్లను ఎగతాళి చేయకండి. నిజంగానే ఒక్కోసారి కుండీల్లో గుడ్డిపాము కనిపిస్తుంది. చూడటానికి వానపాములాగే ఉంటుంది, కానీ ఒళ్లు పొడిగా నిగనిగలాడుతుంది, వానపాముకు ఉండే ఉంగరాల గీతలు ఉండవు, కదలిక చాలా చురుకు. దానికి విషం లేదు. చీమల, చెదల గుడ్లు తిని బతుకుతుంది. కాగితం మీదికి ఎక్కించి తోటలో వదిలేస్తే సరి. మా అమ్మ మొదటి ఏడాదంతా తొట్టి ఉన్న వైపు వచ్చేది కాదు. ఒకరోజు తులసి కోటలో పిడికెడు ఈ ఎరువు వేసి చూసింది. అప్పటి నుంచి తొట్టికి తడి గోనె కప్పేది తనే.

గోనె అంటే గుర్తొచ్చింది, ఎండాకాలం. బెడ్డు లోపల 35 డిగ్రీలు దాటితే ఐసీనియా రకం బతకడం కష్టం. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ మనది. ఉగాది దాటగానే తొట్టిని తూర్పు వైపు నీడకు మార్చి, గోనెను రోజుకు రెండుసార్లు తడపండి, తిండి సగానికి తగ్గించండి. చీమలు పట్టకుండా తొట్టి కాళ్లను నీళ్లు పోసిన గిన్నెల్లో నిలబెట్టండి.

మీ తొట్టిలో వానపాములు ఈ రోజే మూత మీదికి ఎక్కి ఉంటే, ముందు పైన వేసినదంతా తీసి కుండలో పడేయండి. చెయ్యి పెట్టి వేడి ఎక్కడుందో వెతికి ఆ భాగాన్ని వేళ్లతో విడదీయండి. చించిన వార్తాపత్రిక, తడిపి పిండిన కొబ్బరి పొట్టు బాగా కలపండి. ఈ రాత్రికి మూత తీసి, పైన చిన్న బల్బు వెలగనివ్వండి. వాటికి వెలుగు పడదు, కింద బాగుపడి ఉంటే దిగిపోతాయి. తర్వాత పది రోజులు ఏమీ వేయవద్దు. ఆకలికి చస్తాయేమోనని చాలామంది రెండో రోజే మళ్లీ అరటి తొక్క వేస్తారు. చావవు. ఆ కాగితం, ఆ ఎండుటాకులు నెమ్మదిగా చివుకుతుంటే వాటికి అదే తిండి.