ఫ్రెంచివాళ్లకి అమెరికా అంటే పడదా? కొన్ని అపోహలు - వాస్తవాలు

మాది యానాం. మా ఊళ్లో ఫ్రెంచి జెండా 1954లో దిగిపోయింది. భాష మాత్రం కొన్ని ఇళ్లలో పెన్షన్ కాగితాల రూపంలో ఇంకా చాలాకాలం మిగిలింది. చిన్నప్పుడు ఇరుగుపొరుగు ముసలివాళ్లకి ఆ కాగితాలు చదివిపెట్టేవాణ్ని, చివరికి అదే నా వృత్తి అయింది. పద్దెనిమిదేళ్లుగా ఫ్రాన్సుకి చదువుకి వెళ్లే పిల్లలకి భాషా, ఆ దేశపు సాంఘిక చరిత్రా చెబుతున్నాను. మధ్యలో ఏడు నెలలు దక్షిణ ఫ్రాన్సులోని అవేరాన్ జిల్లాలో ఒక బడిలో ఇంగ్లీషు సహాయకుడిగా పనిచేశాను.

ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, వాళ్లకి అమెరికా అంటే ఒళ్లు మంటటగా?" అన్నయ్య డాలస్‌లోనో బాబాయి న్యూజెర్సీలోనో ఉన్న పిల్లలు, ఆ మాత్రం బెంగ ఉంటుంది. క్లాసులో ముక్కలుముక్కలుగా చెప్పే జవాబుని ఇక్కడ ఒకచోట చేరుస్తున్నాను.

అపోహ: జోజే బోవే అనే రైతు అమెరికా మీద ద్వేషంతో మెక్‌డొనాల్డ్స్‌ని ధ్వంసం చేశాడు.

1999 ఆగస్టు 12న అదే అవేరాన్‌లోని మీయో అనే చిన్న పట్నంలో జరిగింది ఇది. అప్పటికి ఆ హోటలు తెరవనేలేదు, ఇంకా కడుతున్నారు. గొర్రెల రైతులు పట్టపగలు, పిల్లాజెల్లాతో కలిసి వచ్చి, కట్టడంలో ఊడదీయగలిగినవి ఊడదీశారు. వాటిని బండ్లకెక్కించి, మన ఆర్డీవో ఆఫీసులాంటి ప్రభుత్వ కార్యాలయం దాకా ఊరేగించారు. మేం 'విప్పాం' అన్నారు వాళ్లు. కోర్టు దాన్ని ధ్వంసమే అంది. బోవేకి మూడు నెలల శిక్ష పడింది, 2002లో 44 రోజులు జైల్లో ఉండి వచ్చాడు.

గొర్రెల రైతులకి గొడ్డుమాంసం అమ్మే హోటలుతో పేచీ ఏమిటి? హార్మోన్లు ఎక్కించిన పశువుల మాంసాన్ని యూరప్ 1989 నుంచి రానివ్వడం లేదు. ఆ నిషేధం చెల్లదని ప్రపంచ వాణిజ్య సంస్థ 1998లో తేల్చింది. అయినా యూరప్ దిగిరాలేదు. దాంతో ఏడాదికి 11.68 కోట్ల డాలర్ల విలువకి సమానంగా సుంకాలు బిగించుకోవచ్చని అమెరికాకి అనుమతి దొరికింది. 1999 జులైలో నూరు శాతం సుంకం పడిన సరుకుల జాబితాలో ఆవాలముద్ద ఉంది, బాతు కాలేయం ఉంది, రోక్‌ఫోర్ జున్ను ఉంది. రోక్‌ఫోర్ అంటే గొర్రెపాల జున్ను. అవేరాన్‌లోని ఒకే ఒక్క ఊరి గుహల్లో మాగితేనే దానికి ఆ పేరు, 1925 నుంచీ చట్టమే ఆ పేరుకి కాపలా. మీయో చుట్టుపక్కల రైతులు పాలు పోసేది దానికే. అత్త మీద కోపం దుత్త మీద చూపడం అంటామే, అచ్చంగా అదే జరిగింది. పైగా ఇక్కడ దుత్తలో నిజంగానే పాలున్నాయి.

బోవే తల్లిదండ్రులు శాస్త్రవేత్తలు. చిన్నతనంలో కొన్నేళ్లు అతను కాలిఫోర్నియాలోని బర్కిలీలోనే పెరిగాడు. మీయో గొడవైన ఏడాది చివర్లోనే సియాటిల్ వెళ్లి, అమెరికన్ ఆందోళనకారుల పక్కన నిలబడి వాళ్లకి రోక్‌ఫోర్ పంచాడు. అమెరికా అంటే గిట్టని మనిషి చేసే పనేనా అది?

ఇదంతా పత్రికల్లో వచ్చిన కథే. నన్ను పట్టుకున్నది మాత్రం పత్రికల్లో రాని సంగతి. మీయోకి పాత పేరు చేతితొడుగుల రాజధాని. పాలన్నీ రోక్‌ఫోర్‌కి కావాలి కాబట్టి గొర్రెపిల్లల్ని లేతగానే కోసేసేవారు. ఆ లేత చర్మం మీద తోలుపని పుట్టింది, తోలుపని మీద చేతితొడుగుల పరిశ్రమ నిలబడింది. చుట్టూ పల్లెల్లో ఆడవాళ్లు ఇంటిపట్టునే కూర్చుని కుట్టేవారు. నాకు గది అద్దెకిచ్చిన పెద్దావిడ వాళ్లమ్మ కూడా అలా కుట్టినావిడే. ఆవిడ అద్దాల బీరువాలో ఒక ఇత్తడి చెయ్యి నిలబెట్టి ఉండేది. చూసిన మొదటిరోజు ఏదో దేవుడి చెయ్యి అనుకున్నాను. కుట్టడం అయ్యాక తొడుగుని వేడిచేసిన అలాంటి చేతికి తొడిగి, ఆ వేడితో ముడతలు తీసేవారట.

వేలమంది బతికిన పని అది. 1960ల తర్వాత చేతికి తొడుగు లేకుండా బయటికెళ్లినా ఎవరూ తప్పుపట్టకుండా పోయారు. చవక సరుకు బయటి దేశాల నుంచి వచ్చింది. వర్క్‌షాపులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఇప్పుడు వేళ్లమీద లెక్కపెట్టేన్ని మిగిలాయి, అవీ ఖరీదైన ఫ్యాషన్ సంస్థల ఆర్డర్లమీద నడుస్తాయి. దీనికోసం ఎవరూ ట్రాక్టరు తియ్యలేదు. తీసి ఎక్కడికి వెళ్తారు? ఫ్యాషన్ మారిందని ఎవరి గుమ్మంముందు బైఠాయిస్తారు? మెక్‌డొనాల్డ్స్‌కి ఊరి చివర ఎత్తయిన పసుపు గుర్తుంది, కోపానికి చిరునామా దొరికింది. ఫ్రాన్సులో అమెరికా వ్యతిరేకత అని మనం పేరుపెట్టేదాంట్లో సగానికి పైగా ఇలా చిరునామా దొరకని దుఃఖమేనని నా అభిప్రాయం.

అపోహ: 'సృజనాత్మక విధ్వంసం' అమెరికన్ వ్యాపారుల విజయ నినాదం.

ఆ మాటని ప్రచారంలో పెట్టిన ఆర్థికవేత్త జోసెఫ్ షుంపేటర్ ఆస్ట్రో-హంగేరీ సామ్రాజ్యంలో పుట్టినవాడు. హార్వర్డులో స్థిరపడింది 1932లో, ఆ మాట రాసింది 1942 నాటి ఒక పుస్తకంలో. కొత్తది పాతదాన్ని లోపలినుంచే కూల్చుకుంటూ పోతుంది, పెట్టుబడిదారీ వ్యవస్థ ఊపిరే అది అన్నాడు. మన వ్యాపార సభల్లో ఇంతవరకే చెబుతారు. అదే పుస్తకంలో ఆయన పెట్టుబడిదారీ వ్యవస్థ బతికి బట్టకడుతుందా అని అడిగి, నేననుకోవడం కట్టదు అని జవాబిచ్చాడు. అది తన గెలుపుతోనే తనకి కాపుకాసే పాత వర్గాల్నీ, పాత కట్టుబాట్లనీ తినేస్తుందన్నది ఆయన భయం. చప్పట్లు కొట్టించుకునే మనిషి మాటల్లా లేవు కదా.

లెక్కలో చిక్కెక్కడంటే, లాభం పలచగా ఊరూరా పరుచుకుంటుంది, నష్టం మాత్రం ఒక్క లోయలో గడ్డకట్టి కూర్చుంటుంది. తొడుగు చవకైనందుకు పారిస్ ఆవిడకి కాఫీ డబ్బులు మిగిలాయి. మీయోలో పోయింది జీతాలొక్కటే కాదు. తోలుని వేళ్లతో లాగి చూసి మంచిచెడు చెప్పే విద్య పోయింది, ఆ విద్యకి సంబంధించిన మాటలూ పోయాయి. భాష చెప్పేవాణ్ని కాబట్టి నాకు ఆ మాటల మీదే బెంగ. జీతం పోతే పింఛనిస్తారు, మాట పోతే ఏమిస్తారు?

అపోహ: ఫ్రాన్సులో వీధి దుకాణాల్ని చంపింది అమెరికన్ సూపర్‌మార్కెట్లు.

ఇది వినగానే నాకు నవ్వొస్తుంది. అన్నీ ఒకే కప్పుకింద అమ్మే హైపర్‌మార్కెట్‌ని ఫ్రాన్సుకి తెచ్చింది అక్షరాలా ఫ్రెంచివాళ్లే. 1963 జూన్‌లో పారిస్ పక్కన సెంత్-జెనెవియెవ్-దె-బ్వాలో కార్ఫూర్ అనే ఫ్రెంచి సంస్థ తెరిచింది, 2,500 చదరపు మీటర్లు, ముందు వందల కార్లు ఆపుకునే చోటు. అమెరికా పాత్ర అసలు లేకపోలేదు. ఒహాయోలోని డేటన్‌లో క్యాష్ రిజిస్టర్ కంపెనీ ఒకటి చిల్లర వ్యాపారులకి పాఠాలు పెట్టేది. అక్కడ బెర్నార్డో త్రుహిల్యో చెప్పిన క్లాసులకి ఈ కార్ఫూర్ పెద్దలు వెళ్లొచ్చారు. ఆ మేష్టారు పుట్టింది కొలంబియాలో. అంటే కొలంబియా మేష్టారు, అమెరికా బడి, ఫ్రెంచి శిష్యులు! నిందమాత్రం ఒక్క అమెరికాకి. ఆ తర్వాత కార్ఫూర్ 1988లో ఫిలడెల్ఫియాలో దుకాణం పెట్టి, రోలర్ స్కేట్లమీద తిరిగే సిబ్బందితో హడావుడి చేసి, 1993లో మూటాముల్లె సర్దుకుని వచ్చేసింది. ఈ కథ ఫ్రాన్సులో ఎవరూ చెప్పుకోరు.

చిన్న వర్తకుల కోపం హైపర్‌మార్కెట్ కంటే పాతది. 1953లో సేన్-సెరే అనే ఊళ్లో పియెర్ పుజాద్ అనే కాగితాల వ్యాపారి పన్నుల అధికారుల మీద తిరగబడ్డాడు. మూడేళ్లు తిరిగేసరికి అతని పార్టీ 50 మందికి పైగా సభ్యులతో పార్లమెంటులో కూర్చుంది. 1973లో రువాయే చట్టం వచ్చింది: 1,500 చదరపు మీటర్లు దాటిన దుకాణం కట్టాలంటే స్థానిక సంఘం అనుమతి కావాలి, చిన్న ఊళ్లలో 1,000 దాటితే చాలు. ఫలితం? అప్పటికే వెలిసిన పెద్ద దుకాణాలకి పోటీ రాకుండా కంచె కట్టినట్టయింది. చిల్లర వ్యాపారంలో ఉద్యోగాల పెరుగుదలని ఈ అనుమతులు తగ్గించాయని మరియాన్ బెర్ట్రాన్, ఫ్రాన్సిస్ క్రమార్జ్ అనే ఆర్థికవేత్తలు 2002లో లెక్కలతో చూపించారు. చిన్నవాళ్లని కాపాడతామని మొదలుపెట్టి పెద్దవాళ్లకి కాపలాకాశారు.

రొట్టె విషయం కొంత నయం. పాత రొట్టె రుచిని చెడగొట్టింది కూడా అమెరికా కాదు, వాళ్ల సొంత యంత్రాల తొందరే. 1993 ఆజ్ఞ ప్రకారం 'సంప్రదాయ ఫ్రెంచి రొట్టె' అని అమ్మాలంటే పిండిని గడ్డకట్టించకూడదు, రసాయనాలు కలపకూడదు. 1998 చట్టంతో, పిండి పిసికి అక్కడే కాల్చని దుకాణం 'బులాంజెరీ' బోర్డు పెట్టకూడదు. ఈ చట్టాలు ఎవర్నీ తరిమెయ్యలేదు. పేరుని కాపాడాయి, కొనేదీ మానేదీ కొనేవాడికే వదిలేశాయి. నాకు నచ్చిన పద్ధతి ఇది.

అపోహ: ఫ్రాన్సులో ఒకప్పుడు కోకా-కోలాని నిషేధించారు.

లేదు. 1950లో ద్రాక్షసారా రైతులూ కమ్యూనిస్టులూ ఒక్కటై గోల చేశారు. ఆరోగ్యానికి హాని అనిపిస్తే పానీయాల్ని ఆపే అధికారం ఇచ్చే బిల్లుకి దిగువసభలో ఓటు కూడా వేశారు. కోలా మాత్రం ఆగలేదు.

అపోహ: ఫ్రెంచి సినిమా బతికింది హాలీవుడ్ మీద వేసిన పన్నుతో.

సగం నిజం, అందుకే ఎక్కువ ప్రమాదం. 1946 మేలో ఫ్రెంచి మాజీ ప్రధాని లియోన్ బ్లూమ్ వాషింగ్టన్ వెళ్లి, యుద్ధపు అప్పుల మాఫీతో పాటు ఒక ఒప్పందం మీద సంతకం చేసి వచ్చాడు. మూడునెలల్లో, అంటే 13 వారాల్లో, 4 వారాలు ఫ్రెంచి సినిమాలకి, మిగతా వారాల్లో ఏ దేశపు సినిమా అయినా ఆడొచ్చు. 1948 జనవరిలో సినిమావాళ్లు పారిస్ వీధుల్లోకి వచ్చారు, ఆ ఏడే 4 వారాలు 5 అయ్యాయి. అసలు మార్పు ఈ వారాల లెక్కల్లో లేదు. అదే సంవత్సరం టికెట్టు మీద వేసిన ప్రత్యేక రుసుములో ఉంది. ఇవాళ అది 10.72 శాతం. ఏ దేశపు సినిమా అయినా, ఏ టికెట్టు తెగినా అంతే. ఆ డబ్బు 1946లోనే పుట్టిన జాతీయ సినిమా కేంద్రానికి చేరి, అక్కడినుంచి కొత్త సినిమాలకి వెళ్తుంది. కాబట్టి హాలీవుడ్ సినిమా ఎంత బాగా ఆడితే ఫ్రెంచి నిర్మాతకి అంత పండగ. మంచి ఏడాదైతే ఫ్రాన్సులో అమ్ముడయ్యే టికెట్లలో 40 శాతానికి పైగా ఫ్రెంచి సినిమాలవే. దీనికి ఖర్చు లేదనుకోకండి. జనం చూడని సినిమాలు కూడా ఈ డబ్బుతో బోలెడు వస్తాయి. వాటిలో కొన్ని నేను టికెట్టు కొని మరీ నిద్రపోయాను.

అపోహ: పుస్తకాల ధర చట్టం అమెజాన్ మీద కక్షతో తెచ్చింది.

జాక్ లాంగ్ సాంస్కృతిక మంత్రిగా ఉండగా వచ్చిన ఆ చట్టం 1981 ఆగస్టు నాటిది. అమెజాన్ పుట్టింది 1994లో. అప్పటి భయం ఫ్నాక్ అనే ఫ్రెంచి గొలుసు దుకాణాల గురించి, 1974 నుంచి అది పుస్తకాల మీద 20 శాతం తగ్గించి అమ్ముతోంది. చట్టమొచ్చాక పుస్తకం వెల ప్రచురణకర్త వేసిందే, తగ్గింపు 5 శాతం మించకూడదు. అమెజాన్ వంతు తర్వాత వచ్చింది. ఇంటికి పంపే పుస్తకం వెల మీద ఆ 5 శాతం తగ్గింపూ ఇవ్వకూడదు, డెలివరీ ఉచితంగానూ ఇవ్వకూడదని 2014లో అంటే, డెలివరీ రుసుము ఒక్క సెంటు అని పెట్టింది. ఆ తెలివికి నేనైతే చెయ్యెత్తి దండం పెడతాను. చివరికి 2023 అక్టోబరు నుంచి 35 యూరోల లోపు పుస్తకాల ఆర్డర్లకి డెలివరీ కనీసం 3 యూరోలు. (విద్యార్థులకి సూచన: కావలసినవన్నీ ఒకేసారి తెప్పించుకోండి, లేదా నడిచి దుకాణానికి వెళ్లండి.) దేశంలో మూడువేలకి పైగా స్వతంత్ర పుస్తక దుకాణాలు ఇంకా తెరిచి ఉన్నాయి. అలాగని చట్టం అందర్నీ కాపాడలేదు. పారిస్ సేన్-మిషెల్ కూడలిలో తరతరాల విద్యార్థులకి తెలిసిన జిబెర్ జున్ దుకాణాలు 2021లో మూతపడ్డాయి.

అపోహ: అయితే అమెరికా వ్యతిరేకత అనేదే లేదన్నమాట.

ఉంది. దాన్ని దాచి చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టే. అందులో ఒక పాయ విధానాల మీద కోపం. 2001 సెప్టెంబరు 13న ల మోండ్ పత్రిక 'మేమందరం అమెరికన్లమే' అని శీర్షిక పెట్టింది. ఏడాదిన్నర తిరగకముందే ఇరాక్ యుద్ధానికి ఫ్రాన్సు అడ్డం తిరిగింది, వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభ క్యాంటీన్ 'ఫ్రెంచ్ ఫ్రైస్' పేరునే మార్చేసింది. ఇలాంటి కోపం వస్తుంది, పోతుంది.

రెండో పాయ నాకు నచ్చనిది, చదువుకున్నవాళ్ల చిన్నచూపు. 1992 ఏప్రిల్‌లో పారిస్ దగ్గర డిస్నీ పార్కు తెరిచినప్పుడు నాటక దర్శకురాలు ఆరియాన్ మ్నూష్కిన్ దాన్ని సాంస్కృతిక చెర్నోబిల్ అన్నారు. మరి ఆ పార్కుకి ఎగబడి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ఏ దేశంవాళ్లు? ఫ్రెంచివాళ్లే. మెక్‌డొనాల్డ్స్ హోటళ్లు ఆ దేశంలో 1,500కి పైగా ఉన్నాయి, వాటిలో కూర్చునేదీ వాళ్ల పిల్లలే. అమెరికాని తిట్టే మాటల్లో కొన్ని అసలు తమ ఊళ్లోని సామాన్యుడి అభిరుచిని తిట్టడానికి దొరికిన మర్యాదైన దారి. మనదగ్గరా సీరియళ్లు చూసేవాళ్లని తిట్టడానికి ఇలాంటి మర్యాదైన దార్లు బోలెడున్నాయి.

అపోహ: వాళ్ల దగ్గర అమెరికా ఊసే ఎత్తకూడదు.

హాయిగా ఎత్తండి, మీ అన్నయ్య డాలస్ ఉద్యోగం గురించి కూడా చెప్పండి. ఇంకా మంచిది, మీ వీధిలో ఉండే ఏ ముసలావిడనో పట్టుకుని, ఈ ఫోన్ల షాపు చోట ఇదివరకు ఏముండేదని అడగండి. అవేరాన్‌లో మా ఇంటావిడని నేను ఇదే అడిగితే వీధి చివరిదాకా నడిపించి గుమ్మం గుమ్మానికీ చెప్పింది: ఇక్కడ తోలు ఆరబెట్టేవారు, ఇక్కడ కత్తిరించేవారు, ఇక్కడ మా అమ్మ శనివారం కుట్టుకూలి తీసుకునేది. ప్రతి క్రియా, ఒకప్పుడు అలవాటుగా జరిగినవి చెప్పే 'ఇంపార్ఫే' కాలంలోనే. నా క్లాసులో అందరూ తప్పులు చేసే కాలం అది. దానికి అంతకన్నా మంచి అభ్యాసం నా పుస్తకాల్లో లేదు.