దండెం, గిటారు, గుయ్యిమనే రొద

విజయవాడ,
వేసవి సెలవులు

చిరంజీవులు అమ్ములుకీ, చిన్నోడికీ తాతయ్య దీవెనలు.

"ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పితే ఎలక్ట్రిక్ గిటారు గుయ్యిమంటోంది, కొత్త పికప్ కొనాలా?" అని అడిగారు. పికప్ అంటే తీగల కింద కూర్చుని వాటి ఊపును కరెంటుగా మార్చే ముక్క. గుంటూరు ఎండల్లో ఫ్యాన్ ఆపమని చెప్పలేను. కొనడం సంగతి తర్వాత, ముందు పెరట్లోకి వెళ్లి బట్టలారేసే దండేన్ని లాగి వదలండి. మధ్యలో జానెడు ఊగుతుంది. మేకు దగ్గర సన్నగా వణుకుతుంది, అంతే. గిటారు తీగ తీరూ ఇదే. మెడ వైపు పికప్‌కి పెద్ద ఊపు అందుతుంది కాబట్టి స్వరం గుండ్రంగా వస్తుంది. తీగలు కింది వైపు ఆనే బ్రిడ్జి దగ్గరిది మేకు పక్కన కూర్చున్నట్టు, పదునుగా పలుకుతుంది.

ఇప్పుడు దండెం మీద తడి దుప్పటి వేసి లాగండి. ఊపు వెంటనే చచ్చిపోతుంది. పికప్‌ని మరీ పైకి ఎత్తితే అందులోని అయస్కాంతం తీగకు చేసేదీ అలాంటిదే. స్వరం తొందరగా ఆగిపోతుంది, లావు తీగల మీద శ్రుతి వణుకుతుంది. గిటారు మెడ మీది అడ్డ కమ్మీల్లో (ఫ్రెట్‌లు) చివరిదాని దగ్గర తీగను నొక్కి పట్టి, తీగకీ పికప్‌కీ మధ్య స్కేలు పెట్టి చూడండి. సింగిల్ కాయిల్ (ఒకే చుట్ట ఉన్న పికప్) అయితే లావు తీగ కింద 2 మి.మీ., సన్న తీగ కింద 1.5 మి.మీ. ఖాళీ ఉంటే చాలు. పక్కనున్న స్క్రూలతో సరిచేసుకోవచ్చు. చాలాసార్లు డబ్బు ఖర్చు లేకుండా ఇక్కడే పని అయిపోతుంది.

ఒక్క చోట మాత్రం దండెం మనకు సాయం రాదు. ప్లాస్టిక్ తాడైనా ఊగుతుంది గానీ పికప్‌కి ఉక్కు తీగే కావాలి. అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ ఏడెనిమిది వేల చుట్లు ఉంటుంది. ఉక్కు కదిలితే ఆ చుట్టలో కరెంటు పుడుతుంది. ఇంట్లో తిరిగే 50 హెర్ట్జ్ కరెంటు రొదనూ ఆ చుట్టే పట్టేస్తుంది. గిటార్లు చేసే గిబ్సన్ కంపెనీలో పనిచేసిన సేథ్ లవర్ రెండు చుట్టలు పక్కపక్కన పెట్టి, ఒకదాని చుట్టుడునూ అయస్కాంతాన్నీ తిరగేశాడు. రొద రెండిట్లో ఎదురెదురై కొట్టుకుపోతుంది, తీగ పాట మాత్రం కలిసి పెరుగుతుంది. 1955లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. అదే హంబకర్. ఎంత చక్కటి ఆలోచనో!

అమ్ములూ, తీగలు కలిపి మీటే నీ శుభ్రమైన కార్డ్‌లకూ, విడివిడిగా మీటే స్వరాలకూ సింగిల్ కాయిలే అందం, మార్చకు. చిన్నోడా, స్వరాన్ని గరగరలాడించే డిస్టార్షన్ పాటతో పాటు రొదనూ పెంచుతుంది కనుక నీ మెటల్ సంగీతానికి బ్రిడ్జి దగ్గర హంబకర్ కావాలి. చుట్ట నిరోధాన్ని మల్టీమీటర్‌తో కొలిస్తే సింగిల్ కాయిల్ 6 కిలో ఓమ్‌ల దగ్గర, మామూలు హంబకర్ 8 దగ్గర, ఎక్కువ చుట్లున్న గట్టివి 14 దాకా చూపిస్తాయి. అంకె పెద్దదైతే మంచిదనుకోకు, గట్టి చుట్టు పై స్వరాలను మింగేస్తుంది. హంబకర్‌కి 500 కిలో ఓమ్‌ల వాల్యూమ్ పాట్ (శబ్దం పెంచే తగ్గించే మీట కింది భాగం) వేయించు. 250 వేస్తే కంబళి కప్పినట్టు మూగబోతుంది. సింగిల్ కాయిల్‌కి ఆ 250యే సరి. నీ గిటారులో పికప్ కూర్చునే గుంట సన్నది గనక, చెక్క చెక్కించకుండా సింగిల్ కాయిల్ సైజు హంబకర్ అడుగు.

గిటారు శబ్దాన్ని పెంచే ఆంప్‌కి మూడు పిన్నుల ప్లగ్గే ఉండాలి, ఎర్త్ పిన్ను ఎప్పుడూ తీయకండి.

ఈ సాయంత్రం ఫ్యాన్ వేసి, సింగిల్ కాయిల్ గిటారు మెడలో వేసుకుని, ఉన్నచోటే మెల్లగా గుండ్రంగా తిరగండి. ఒక దిక్కున రొద బాగా తగ్గుతుంది. అక్కడ నేల మీద సుద్దముక్కతో గీత గీసి, ఏ దిక్కో నాకు రాయండి.

మీ తాతయ్య