జింకను చూసినప్పుడు ముందు తల చూడండి

హైదరాబాద్ యూనివర్సిటీలో చదివే ఒక అమ్మాయి ఫోటో పంపి అడిగింది: "మా క్యాంపస్‌లో తిరిగే ఈ మగ జింక కొమ్ములు ఉబ్బిపోయి, మీద నూగు పట్టి ఉన్నాయి. దీనికేమైనా జబ్బా? అటవీశాఖకు ఫోన్ చెయ్యాలా?"

జబ్బు కాదమ్మా. అది నిక్షేపంగా ఉంది. పాలిచ్చే జంతువుల్లో ఇంకెవరికీ చేతకాని పని అది చేస్తోంది. ఒక అవయవాన్ని పూర్తిగా వదిలేసి, ఎముక, నరం, రక్తనాళం, చర్మంతో సహా మళ్ళీ మొలిపించుకుంటోంది.

ముందు పోలికలు గబగబా చెప్పేస్తాను. ఇటుక రంగు ఒంటి మీద తెల్ల చుక్కలు, గొంతు కింద తెల్లటి మచ్చ ఉంటే చుక్కల దుప్పి. తెలంగాణ రాష్ట్ర జంతువు ఇదే. క్యాంపస్‌లో, చిలుకూరు దగ్గర మృగవనిలో, శేషాచలం అడవుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. చుక్కల్లేకుండా ముదురు గోధుమ రంగులో, భారీగా, మగదానికి మెడ మీద జూలుతో ఉంటే కణితి. చిన్న ఒళ్ళు, పొట్టి కొమ్ములు, మొరిగే గొంతు ఉంటే మొరిగే జింక. మెలితిరిగిన పొడవాటి కొమ్ములతో బయలు నేలల్లో గెంతేది కృష్ణజింక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. వనస్థలిపురం హరిణ వనస్థలిలో, కర్నూలు వైపు రోళ్ళపాడులో, నారాయణపేట జిల్లా చేలల్లో దీన్ని చూడొచ్చు. నల్లమలలో అసలు కొమ్ములే ఉండని, అడుగు ఎత్తు కూడా లేని మూషిక జింక ఉంది. హైదరాబాద్ జూలో పెంచి, 2017లో అమ్రాబాద్ అడవిలో వదిలారు కూడా. రాత్రిపూట తిరిగే జీవి కాబట్టి కళ్ళబడటం కష్టం.

ఇక అసలు సంగతి కొమ్ముల్లో ఉంది. కృష్ణజింక, మనుబోతు, నాలుగు కొమ్ముల కొండగొర్రె ఆవు, మేకల కుటుంబానికి చెందినవి. వాటి కొమ్ములో లోపల ఎముక ఉంటుంది, పైన కెరాటిన్ తొడుగు ఉంటుంది. మన గోళ్ళలో ఉన్నదీ ఆ కెరాటినే. ఆ కొమ్ము మొదలు దగ్గర పెరుగుతుంది, చీలదు, చచ్చేదాకా ఊడదు. దుప్పి, కణితి అసలు సిసలు జింకలు. వాటి కొమ్ము అచ్చంగా ఎముక. కొమ్మలు వేస్తుంది, ఊడుతుంది, మళ్ళీ వస్తుంది. మగవాటికే ఉంటుంది.

ఇది పెరిగే తీరు చెట్టు చిగురు పెరిగే తీరే. ఈ పోలికను చాలా దూరం లాగొచ్చు, అందుకే నాకింత ఇష్టం. చిగురులాగే దుప్పి కొమ్ము కొసలో పెరుగుతుంది. కొసనున్న కణాలు విభజన చెందుతూ ముందుకు సాగుతుంటే, వెనక మిగిలినవి మృదులాస్థిగా, ఆపైన ఎముకగా మారతాయి. కొస చీలితే కొత్త కొమ్మ. పెద్ద జాతి జింకల్లో ఇది రోజుకు 2 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. కొమ్మకు బెరడు ఆహారం అందించినట్టు, పెరిగే కొమ్ముకు పైనున్న నూగు చర్మం రక్తం అందిస్తుంది. ఆ అమ్మాయి ఫోటోలో ఉబ్బుగా కనిపించింది ఆ చర్మమే. ఎదుగుదల పూర్తయ్యాక చర్మం ఎండుతుంది, జింక దాన్ని చెట్లకు రుద్ది ఒలిచేసుకుంటుంది. బెరడు తీసిన కొమ్మలాగే లోపలిది ఎండి గట్టిపడి, పోట్లాటకు సిద్ధమవుతుంది. చివరికి ఆకు రాలినట్టే రాలుతుంది. ఆకు తొడిమ దగ్గర ఒక పొర విడిపోతుంది కదా, ఇక్కడ కూడా పుర్రె మీది దిమ్మెకూ కొమ్ముకూ మధ్య ఒక గీత మీద ఆస్టియోక్లాస్ట్ కణాలు చేరి ఎముకను కరిగించేస్తాయి. కొమ్ము ఊడి పడుతుంది, దిమ్మె పైపొరలోని మూలకణాలు మళ్ళీ పని మొదలుపెడతాయి.

వీటన్నిటినీ నడిపించేది మగ హార్మోన్ టెస్టోస్టెరాన్. అది తక్కువగా ఉన్నప్పుడు కొమ్ము పెరుగుతుంది, ఆ హార్మోన్ పెరిగితే కొమ్ము గట్టిపడి చర్మం రాలుతుంది, మళ్ళీ పడిపోతే కొమ్మే ఊడుతుంది. గట్టి కొమ్ములున్న మగదానికి వృషణాలు తీసేస్తే కొద్ది వారాల్లో కొమ్ములు ఊడతాయి. ఆ తర్వాత మొలిచేవి ఎప్పటికీ నూగు చర్మంతోనే ఉండిపోతాయి.

చెట్టుతో పోలిక ఒక్క చోట చెడుతుంది. ఆకు రాల్చే ముందు చెట్టు అందులోని నత్రజనిని చాలావరకు వెనక్కి లాక్కుంటుంది. జింకకు ఆ వీలు లేదు. కొమ్ముకు కావలసిన కాల్షియం, ఫాస్ఫరస్ మేతలో చాలవు కాబట్టి తన పక్కటెముకల్లోంచే తీస్తుంది. ఆ కొద్ది నెలలు పక్కటెముకలు గుల్లబారి, తర్వాత మళ్ళీ గట్టిపడతాయి. అంత ఖర్చు పెట్టిన కొమ్ము నేల మీద పడి ఉంటే జింకలే వచ్చి కొరుకుతాయి, ఏదుపందులూ కొరుకుతాయి. బడిలో జింక శాకాహారి అని ఒక మార్కు ప్రశ్నగా చెప్పి వదిలేస్తారు. ఎముక నమిలే జింక బొమ్మ ఒక్కటి చూపిస్తే పిల్లలు ఎన్ని ప్రశ్నలు అడుగుతారో!

అందుకే ఊడిన కొమ్ము దొరికినా ఇంటికి తెచ్చి గోడకు తగిలించుకోకండి. చట్టం కూడా ఒప్పుకోదు. మందు పేరుతో కొమ్ము కాల్చి చేసే బూడిదలో మిగిలేది ప్రధానంగా కాల్షియం ఫాస్ఫేటు, దానికోసం జంతువు ప్రాణం తీయక్కర్లేదు. అలాగే ఎవరైనా నల్లమల కస్తూరి అని అమ్మితే కొనకండి. కస్తూరి జింకలు హిమాలయాల్లో ఉంటాయి. మన దుప్పికీ కణితికీ కస్తూరి లేదు.

చూడాలనుకుంటే తెల్లవారుజామున, లేదా పొద్దుగుంకే ముందు వెళ్ళండి. గాలి మీ ముఖానికి కొట్టేలా నిలబడండి. జింక కంటికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు కానీ నీలం బాగా తెలుస్తుంది, కాబట్టి నీలం జీన్స్ వద్దు. కొండముచ్చులున్న చెట్ల కింద వెతకండి. అవి తుంచి పడేసే ఆకులు, కాయల కోసం దుప్పులు చేరతాయి. పులినో చిరుతనో చూసి పైనుంచి కొండముచ్చు ఖోక్‌మంటే దుప్పి తల ఎత్తుతుంది. కణితి అరుపు వినిపిస్తే మాత్రం ఇంకా జాగ్రత్త, అది ఊరికే అరవదు. మేత పెట్టకండి, కుక్కను వెంట తీసుకెళ్ళకండి. క్యాంపస్ జింకలకు ఊరకుక్కలు పెద్ద ప్రమాదం, నూగు దశలో కొమ్ముకు దెబ్బ తగిలితే వంకరగా పెరుగుతుంది.

దుప్పుల మంద దొరికితే మగవాటి తలలు ఒక్కొక్కటీ చూడండి. ఒకదానికి గట్టి కొమ్ములు, పక్కదానికి నూగువి, ఇంకోదానికి బోడి తల, అన్నీ ఒకే రోజు కనిపించొచ్చు. యూరప్ జింకలు పగటి పొడవును బట్టి అన్నీ ఇంచుమించు ఒకేసారి కొమ్ములు రాలుస్తాయి. లండన్‌లో ఎండాకాలం పగలుకూ చలికాలం పగలుకూ 8 గంటలకు పైగా తేడా. హైదరాబాద్‌లో ఆ తేడా సుమారు 2 గంటలే. వేసవిలో గట్టి కొమ్ములవి ఎక్కువగా కనిపించినా, మన దుప్పుల్లో ప్రతి మగదీ తన సొంత లెక్కలోనే నడుస్తుంది. కాబట్టి ఫోటో తీస్తే తారీఖు, చోటు, కొమ్ము ఏ దశలో ఉందో రాసి పెట్టుకోండి. అదే జంతువు ఆరు నెలల తర్వాత మళ్ళీ కనిపిస్తే దాని లెక్క మీకు తెలుస్తుంది.